యుద్ధకాలములో పాలకుడు ఎవరికి లెక్క అప్పగించాలి? 1962 చైనా యుద్ధముపై లేఖన పరిశీలన

దేశము యుద్ధములో ఉన్నప్పుడు సంఘము ఏమి చేయాలి అని అడిగితే మన దగ్గర సిద్ధముగా ఒక జవాబు ఉన్నది: పాలకుల కొరకు, సైనికుల కొరకు ప్రార్థించాలి. 1 తిమోతి 2:1-2 ఆధారముగా మనము చెప్పే ఈ జవాబు సరియైనదే. అయితే పాలకుడు సైన్యమును సరిగా నడపక, ఆయన అజాగ్రత్త వలన సైనికులు చనిపోయినప్పుడు ఆయనను లెక్క అడగవచ్చునా? అడిగితే ఎవరు అడగాలి? యుద్ధము జరుగుతుండగానే అడగవచ్చునా, ముగిసిన తరువాతనా? ఇక్కడికి వచ్చేసరికి చాలామంది సేవకులు రోమా 13వ అధ్యాయము తెరచి అంతటితో ఊరుకుంటారు.

కె.గంగవరములో మా బైబిలు తరగతికి వచ్చే ఒక యౌవనస్థుడు సైన్యములో చేరుటకు పరుగుపందెపు పరీక్షకు సిద్ధపడుతూ ఈ ప్రశ్నే అడిగాడు. "సైన్యములో అధికారి తప్పు చేస్తే విచారణ ఉంటుందయ్యగారూ, మరి పైన నిర్ణయము చేసినవారు తప్పు చేస్తే?" అన్నాడు. ఈ వ్యాసము ఆ ప్రశ్నను మన దేశ చరిత్రలో అతి పెద్ద సైనిక వైఫల్యమైన 1962 చైనా యుద్ధము వెలుగులో పరిశీలిస్తుంది. ముందుగా మనకు బాగా తెలిసిన ఒక వాక్యభాగమును చూడాలి. అక్కడ కనబడే క్రమమే 1962లోను కనబడుతుంది.

రాజు అడిగే ప్రశ్న, రాజును అడగని ప్రశ్న

2 సమూయేలు 11వ అధ్యాయమును మనము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. దాదాపు ప్రతిసారీ అది వ్యభిచారమును గూర్చిన ప్రసంగమే అవుతుంది. కాని ఆ అధ్యాయములో పెద్ద భాగము సైనిక వ్యవహారము. రాజు రాజధానిలో ఉన్నాడు, సైన్యము రబ్బా ముట్టడిలో ఉన్నది. ఊరియాను ఎక్కడ నిలబెట్టాలో రాజు ఉత్తరము వ్రాసి, దానిని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. యోవాబు ఆ ఆజ్ఞను అమలు చేసిన తీరును గమనించండి. ఊరియా ఒక్కడే చనిపోలేదు. 17వ వచనము ప్రకారము దావీదు సైనికులలో మరికొందరు కూడ ఆ దినమున కూలిపోయారు. వారి పేర్లు లేవు. మన ప్రసంగములలో కూడ వారు లేరు.

తరువాత యోవాబు దూతను పంపుతూ చెప్పిన మాటలు (వ. 18-21) ఇంకా ముఖ్యమైనవి. గోడ దగ్గరకు ఎందుకు వెళ్లారని రాజు కోపపడవచ్చుననీ, తేబేసులో అబీమెలెకు గోడ దగ్గరకు పోయి స్త్రీ వేసిన తిరుగటి రాయి వలన చనిపోయిన సంగతి (న్యాయా. 9:50-54) ఎత్తవచ్చుననీ యోవాబు ముందుగానే ఊహించాడు. అంటే దావీదు సామాన్యముగా సైనికాధికారులను లెక్క అడిగే రాజు. పాత యుద్ధములలోని తప్పులను జ్ఞాపకము పెట్టుకొని, అవి మరల జరిగితే నిలదీసేవాడు. ఆ వ్యవస్థ పనిచేస్తున్నది. కాని అది రాజు నుండి క్రిందికి మాత్రమే పనిచేస్తున్నది. ఊరియా కూడ చనిపోయాడు అనే మాట వినగానే రాజు కోపము మాయమయినది. ఖడ్గము ఒకప్పుడు ఒకరిని, మరొకప్పుడు ఇంకొకరిని తీసుకుపోవుట మామూలే అన్న అర్థములో యోవాబుకు ఓదార్పు కబురు వెళ్లినది (వ. 25). తప్పు పైనుండి వచ్చినప్పుడు మాత్రమే యుద్ధములో చావు "మామూలు" అయినది!

నాతాను వచ్చి ఈ క్రమమును తలక్రిందులు చేశాడు. అమ్మోనీయుల ఖడ్గము చేత ఊరియాను చంపినది నీవే అని రాజుతో అన్నాడు (12:9). బాణము వేసినవాడు గోడ మీద ఉన్నాడు, ఆజ్ఞ అమలుచేసినవాడు యోవాబు. అయినా ప్రవక్త యోవాబు దగ్గరకు వెళ్లలేదు. నిర్ణయము ఎక్కడ జరిగిందో అక్కడికి వెళ్లాడు.

దావీదుది కుట్ర, నెహ్రూది కుట్ర కాదు, ఈ రెంటినీ ఒకే త్రాసులో వేయరాదు అని కొందరు అనవచ్చును. నిజమే. నేను పోల్చుతున్నది పాపమును కాదు. లెక్క అడిగే వ్యవస్థ ఏ మెట్టు దగ్గర ఆగిపోతుంది అన్న ఒక్క విషయమునే.

1962: ముందుగా కూర్చుండి ఆలోచించని రాజు

1954 ఏప్రిల్ 29న భారత, చైనా దేశములు పంచశీల ఒప్పందము చేసుకొన్నాయి. ఆ తరువాత కొద్ది సంవత్సరములలోనే చైనా లడఖ్‌లోని ఆక్సాయ్ చిన్ మీదుగా రోడ్డు వేసినది. 1959లో లాంగ్‌జూ వద్ద, కొంగ్కా కనుమ వద్ద కాల్పులు జరిగి మనవారు చనిపోయారు. హెచ్చరికలు లేవని ఎవరూ అనలేరు. ఆ సంవత్సరము ఆగస్టు చివరన సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య రక్షణమంత్రి కృష్ణమీనన్‌తో విభేదించి రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూ నచ్చచెప్పగా దానిని ఉపసంహరించుకొన్నారు. రెండు సంవత్సరముల తరువాత సైన్యపు కేంద్ర కార్యాలయములో ముఖ్యమైన స్థానము లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్‌కు దక్కినది. ఆయన చురుకైనవాడు, ప్రధానికి దగ్గరివాడు. యుద్ధభూమిలో సేనను నడిపిన అనుభవము మాత్రము లేదు.

1961 నవంబరు 2న ప్రధాని అధ్యక్షతన జరిగిన సమావేశములో, సరిహద్దులో వీలైనంత ముందుకు వెళ్లి చిన్న చిన్న శిబిరములు పెట్టాలనే విధానము నిర్ణయమయినది. చైనావారు బలప్రయోగము చేయరు అన్నది దీనికి పునాది. గూఢచారి విభాగాధిపతి బి.ఎన్. మల్లిక్ అభిప్రాయము కూడ అదే. పదిమంది, ఇరువదిమంది ఉన్న శిబిరములకు రోడ్డు లేదు, వెనుక బలగము లేదు. 1962 ఆగస్టులో పశ్చిమ కమాండు అధిపతి లెఫ్టినెంట్ జనరల్ దౌలత్ సింగ్ ఈ విధానమును మోసే సైనిక బలము మన దగ్గర లేదని ఢిల్లీకి వ్రాశారు. విధానము మారలేదు.

లూకా 14:31-32లో ప్రభువు చెప్పిన చిన్న ఉపమానమును మనము శిష్యత్వపు వెలకే వాడుతాము. పదివేలమందితో ఇరువదివేలమందిని ఎదుర్కొనగలనా అని ముందుగా కూర్చుండి ఆలోచించని రాజు ఉంటాడా అని ప్రభువు అడుగుతున్నాడు. శ్రోతలు "ఉండడు" అనుకొంటారన్న నమ్మకముతోనే ఆ ప్రశ్న నడుస్తుంది. అంటే సైన్యమును కదిలించకముందు లెక్క చూచుట రాజుకు కనీస ధర్మమని ఆయన శ్రోతలకు తెలుసు. 1962లో లోపించినది ఈ కనీస ధర్మము.

ఈశాన్యమున థగ్ లా కొండ క్రింద, నమ్కా చు అనే వాగు వెంబడి 7వ బ్రిగేడును నిలిపారు. శత్రువు ఎత్తున, మనవారు పల్లమున. ఈ స్థలము నిలువదని బ్రిగేడు అధిపతి జాన్ దాల్వీ, ఆయన పైన డివిజను అధిపతి నిరంజన్ ప్రసాద్, ఆ పైన కోర్ అధిపతి ఉమ్రావ్ సింగ్ అభ్యంతరము చెప్పారు. ఫలితముగా అక్టోబరు మొదట్లో ఉమ్రావ్ సింగ్‌ను ఆ బాధ్యత నుండి తప్పించి, కొత్తగా నాలుగవ కోర్ ఏర్పరచి దానిని కౌల్‌కు అప్పగించారు. అక్టోబరు 12న సిలోను ప్రయాణములో ఉన్న ప్రధాని, చైనావారిని అక్కడ నుండి తొలగించవలసినదిగా సైన్యమునకు ఆదేశమిచ్చామని విలేకరులతో అన్నారు. అక్కడి జవానులకు పర్వతపు చలికి తగిన బట్టలు లేవు. చాలామంది నూలు దుస్తులలో, కాన్వాసు బూట్లలో ఉన్నారు. చేతిలో పాతకాలపు .303 తుపాకి, మనిషికి సుమారు 50 తూటాలు. విమానముల నుండి జారవిడిచిన సామాను చాలావరకు లోయల పాలయినది. కౌల్ జబ్బుపడి ఢిల్లీ చేరి మంచము మీద నుండి ఆజ్ఞలు పంపుతుండగా, అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా విరుచుకుపడినది. కొద్ది గంటలలో బ్రిగేడు చెదరిపోయినది. రెండు రోజులకు దాల్వీ బందీగా చిక్కారు. ఈ వృత్తాంతమునంతా ఆయనే 1969లో ప్రచురించిన హిమాలయన్ బ్లండర్ అనే పుస్తకములో వివరించారు.

ఇక్కడ సౌలు ప్రమాణము (1 సమూ. 14:24-46) జ్ఞాపకము రాక మానదు. ఆకలితో సొమ్మసిల్లుతున్న సైన్యము, ముందువెనుకలు చూడకుండా రాజు పెట్టిన ఆంక్ష, తన తండ్రి దేశమును కష్టపెట్టాడని బాహాటముగా అన్న యోనాతాను. రాజు నిర్ణయమును రాజకుమారుడే తప్పుపట్టినా లేఖనము దానిని ద్రోహముగా చిత్రించలేదు. చివరకు రాజు చేతినుండి యోనాతానును విడిపించినది సామాన్య సైనికులు.

నవంబరు నడుమ రెండవ దాడిలో వాలాంగ్, సేలా, బొమ్‌డిలా పోయాయి. లడఖ్‌లో నవంబరు 18న రెజాంగ్ లా వద్ద 13వ కుమావోన్ వారి ఒక కంపెనీ దాదాపు మొత్తము నేలకొరిగినది. వారు పారిపోలేదు. నవంబరు 21న చైనా తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించినది. ప్రభుత్వ లెక్కల ప్రకారము 1,383 మంది చనిపోయారు, 1,696 మంది జాడ తెలియలేదు, 3,968 మంది బందీలయ్యారు. ఇదే సమయములో మన ఆంధ్రదేశములో స్త్రీలు గాజులు, గొలుసులు తీసి రక్షణ నిధికి ఇచ్చారు. తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరము వంటి ఊళ్లు, మిలిటరీ మాధవరము అని పేరుబడిన ఊళ్లు, కుమారులను ఇచ్చాయి. ఇచ్చినవారికి లెక్క అడిగే హక్కు ఉన్నదా లేదా అన్నదే మన ప్రశ్న.

లెక్క అడిగినవారు

నెహ్రూ పక్షమున ఒక మాట తప్పక చెప్పాలి. పరాజయము నడుస్తుండగానే ఆయన పార్లమెంటును పిలిచారు. అప్పటికి రాజ్యసభ సభ్యుడైన యువకుడు వాజ్‌పేయి మొదలైనవారు త్వరగా సమావేశపరచమని కోరగా, నవంబరు 8ననే లోక్‌సభ కూడినది. తలుపులు మూసి రహస్యముగా చర్చించుదామని స్వతంత్ర సభ్యుడు ఎల్.ఎం. సింఘ్వీ సూచించగా నెహ్రూ అంగీకరించలేదు. నవంబరు 14 వరకు జరిగిన చర్చలో 165 మంది మాట్లాడారు. సరిహద్దులో తుపాకులు మ్రోగుతూనే ఉన్నాయి. మనము వాస్తవమునకు దూరమై స్వయముగా కల్పించుకొన్న వాతావరణములో బ్రతికామని నెహ్రూ అంతకుముందే అక్టోబరులో ఒప్పుకొని ఉన్నారు. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా ఉండిన రాష్ట్రపతి రాధాకృష్ణన్ కూడ తన ప్రభుత్వములోని అతినమ్మకమును, అజాగ్రత్తను ఎత్తిచూపారు. రాజ్యాంగము ప్రకారము త్రివిధ దళములకు సర్వాధిపతి రాష్ట్రపతియే గనుక ఆ మాటకు బరువున్నది.

నాణెమునకు రెండవ వైపు కూడ ఉన్నది. 1959 నుండి అంగుళము భూమి వదలరాదని, చర్చలే వద్దని నెహ్రూను ఒత్తిడి చేసినది కూడ ఈ పార్లమెంటే. ముందుకు నెట్టినవారే తరువాత ఎందుకు వెళ్లావని అడిగారు. ప్రశ్నించేవాడు తన పాత మాటలను కూడ లెక్కలో వేసుకోవాలి. ప్రసంగపీఠము నుండి యుద్ధావేశమును పెంచే బోధకులకు ఈ సంగతి మరింత వర్తిస్తుంది.

మొదట వేటు పడినది కృష్ణమీనన్ మీద. కాంగ్రెసు సభ్యులే పట్టుబట్టగా అక్టోబరు 31న రక్షణశాఖ ఆయన చేతినుండి ప్రధాని చేతికి మారినది. నవంబరు 7న మంత్రివర్గము నుండే వెళ్లిపోయారు. రెండవ పరాజయము తరువాత సైన్యాధిపతి థాపర్ తప్పుకొన్నారు. కౌల్ కూడ వెళ్లిపోయారు. ప్రధాని ఉన్నారు.

1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ లోక్‌సభ చరిత్రలో మొదటి అవిశ్వాస తీర్మానమును ప్రవేశపెట్టారు. కృపలానీ సామాన్యుడు కాడు, స్వాతంత్ర్యము వచ్చేనాటికి కాంగ్రెసు అధ్యక్షుడు. స్వతంత్ర పార్టీ అధ్యక్షుడైన మన ఆచార్య ఎన్.జి. రంగా 1962లో తెనాలిలో ఓడి, చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి ఆ సభలో ఉన్నారు. తీర్మానమునకు అనుకూలముగా 62, వ్యతిరేకముగా 347 ఓట్లు వచ్చాయి. ఓడిపోయే తీర్మానమని పెట్టినవారికి తెలుసు. అయినా రాజ్యాంగము 75వ అధికరణము మూడవ ఖండము ప్రకారము మంత్రివర్గము లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలి. ఒక్క మంత్రి వెళ్లినంత మాత్రమున ఆ బాధ్యత తీరదని నాలుగు రోజులపాటు ప్రధాని ముఖము మీదనే చెప్పగలిగారు. ఆయన కూర్చుండి విన్నారు. నాతానును దావీదు విన్నట్లు అని చెప్పను గాని, మీకాయాను అహాబు చేసినట్లు మాత్రము చేయలేదు. (కమ్యూనిస్టు నాయకులను వందల సంఖ్యలో దేశరక్షణ నిబంధనల క్రింద జైళ్లలో పెట్టిన సంగతి కూడ మరువరాదు. 1962 అక్టోబరు 26న విధించిన అత్యవసర పరిస్థితిని 1968 వరకు ఎత్తివేయలేదు.)

విచారణ ఏ మెట్టు దగ్గర ఆగినది

థాపర్ తరువాత సైన్యాధిపతియైన జనరల్ జె.ఎన్. చౌధురి మన తెలుగువారికి కొత్త కాదు. 1948లో హైదరాబాదు పోలీసు చర్యను నడిపి, తరువాత అక్కడ సైనిక గవర్నరుగా ఉన్నారు. ఆయన లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్‌ను, బ్రిగేడియర్ పి.ఎస్. భగత్‌ను విచారణకు నియమించారు. శిక్షణ, ఆయుధములు, ఆజ్ఞలు నడిచే విధానము, సైనికుల దేహదారుఢ్యము, అధిపతుల సామర్థ్యము – వారికి ఇచ్చిన పరిధి ఇంతే. ప్రధాని, రక్షణమంత్రి, వారి సమావేశములలో జరిగిన నిర్ణయములు దానిలో లేవు. రక్షణమంత్రి చవాన్ 1963 సెప్టెంబరు 2న దాని సారాంశమును మాత్రము పార్లమెంటుకు చెప్పారు. నివేదికను మూసిపెట్టారు.

అది ఇప్పటికీ అధికారికముగా ప్రచురణ కాలేదు. 2010లో రక్షణమంత్రి ఆంటోనీ, దానిలోని సంగతులు నేటికీ సున్నితమైనవని పార్లమెంటుకు చెప్పారు. 2014 మార్చిలో విదేశీ పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ అందులో కొంత భాగమును బయటపెట్టినప్పుడు, ప్రతిపక్షములో ఉన్న అరుణ్ జైట్లీ ఇంకా దాచుట ఎందుకని వ్రాశారు. అదే సంవత్సరము జూలైలో రక్షణమంత్రిగా ఆయనే, దానిని వెల్లడించుట దేశ ప్రయోజనమునకు మంచిది కాదని రాజ్యసభకు తెలిపారు. కాబట్టి ఇది ఒక పార్టీ దోషముగా చూడనవసరము లేదు. కుర్చీకే ఆ గుణమున్నది.

1 రాజులు 22లో అహాబు రామోత్గిలాదు యుద్ధమునకు పోతూ ఒక పని చేశాడు. తాను వేషము మార్చుకొన్నాడు, యెహోషాపాతును రాజవస్త్రములతో ఉండమన్నాడు (వ. 30). బాణములన్నీ వస్త్రములున్న వాని వైపు వెళ్లాయి. యుద్ధము చెడినప్పుడు పై వ్యవస్థ చేసే పని చాలాసార్లు ఇదే. వస్త్రము ఒకరికి తొడిగి, నిర్ణయించినవాడు గుంపులో కలిసిపోతాడు. మీనన్ దోషము లేనివాడని నా భావము కాదు. కాని ముందుకు పోయే విధానము మీనన్ ఒక్కనిది కాదు. యుద్ధమునకు ముందు నాలుగువందలమంది ప్రవక్తలు ఒకే మాట పలికారనీ, వేరుగా పలికిన ఒక్కడిని చెరసాలలో వేశారనీ ఆ అధ్యాయము చెప్పుట కూడ యాదృచ్ఛికము కాదు. ఉమ్రావ్ సింగ్‌ను చెరలో వేయలేదు, తప్పించారు.

"యుద్ధములో ఉన్నాము గదా"

యుద్ధ సమయములో ప్రశ్నించుట శత్రువుకు సహాయము చేయుటే అనే వాదము బలమైనది. సైన్యము ఏ దారిన వెళ్తుందో, ఎన్ని తూటాలున్నాయో బహిరంగముగా అడుగుట మూర్ఖత్వము. కాని అది వేరు, నడిపించేవాడు నడిపించగలడా అని అడుగుట వేరు. 1940 మే నెలలో నార్వేలో బ్రిటిషు సేన దెబ్బతిన్నప్పుడు, హిట్లరుతో యుద్ధము జరుగుతుండగానే బ్రిటిషు పార్లమెంటు రెండు రోజులు ప్రధాని చేంబర్లేన్‌ను నిలదీసినది. ఓటింగులో ఆయనే నెగ్గారు, 281కి 200. సొంత పార్టీవారు కొందరు విడిపోయారు. ఆ బలము చాలదని గ్రహించి మే 10న, జర్మనీ పశ్చిమ ఐరోపా మీద పడిన దినముననే, రాజీనామా చేశారు. ఆ మార్పు వలన బ్రిటను బలహీనపడలేదని అందరికీ తెలిసినదే. రబ్బా సంగతి కూడ అంతే. కథన క్రమమును బట్టి చూస్తే నాతాను వచ్చేనాటికి ఆ పట్టణము ఇంకా పడలేదు (2 సమూ. 12:26-29). ముట్టడి ముగిసేవరకు ఆగమని గ్రంథకర్త చెప్పలేదు.

1973 అక్టోబరు యుద్ధము తరువాత ఇశ్రాయేలు దేశములో అగ్రనాత్ కమిషను విచారణ జరిపినది. (మన సంఘములలో నేటి ఇశ్రాయేలు రాజ్యమును బైబిలు ఇశ్రాయేలుతో ఒకటి చేసి, అక్కడ జరిగినదంతా ప్రవచన నెరవేర్పు అనే అలవాటు ఉన్నది. ఇక్కడ దానిని ఒక ఆధునిక దేశముగా మాత్రమే ప్రస్తావిస్తున్నాను.) 1974 ఏప్రిల్‌లో వచ్చిన మధ్యంతర నివేదిక సైన్యాధిపతి ఎలాజార్ మీద తప్పు మోపి, ప్రధాని గోల్డా మెయిర్‌ను, రక్షణమంత్రి దయాన్‌ను విడిచిపెట్టినది. అక్కడ కూడ విచారణ ఒక మెట్టు క్రింద ఆగినది. అయితే యుద్ధము నుండి తిరిగివచ్చిన సైనికులే ప్రధాని కార్యాలయము ఎదుట నిలబడ్డారు. నివేదిక తనను తప్పించినా కొద్ది దినములకే మెయిర్ రాజీనామా ప్రకటించారు.

కార్గిల్, గల్వాన్

1999 కార్గిల్ యుద్ధమునకు మా కోనసీమతో ఒక విచిత్రమైన సంబంధమున్నది. గౌతమికి ఆవలి ఒడ్డున ఉన్న యెదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి అప్పుడు లోక్‌సభ స్పీకరు. ఏప్రిల్ 17న ఆయన అధ్యక్షతననే వాజ్‌పేయి ప్రభుత్వము 269కి 270 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో ఓడినది. ఏప్రిల్ 26న సభ రద్దయినది. మే నెల మొదట్లో కార్గిల్ కొండల మీద చొరబాటు బయటపడినది. సభ రద్దయినా కొత్త సభ కూడేవరకు స్పీకరు పదవి పోదు గనుక, ఆ యుద్ధకాలమంతా మన దేశమునకు స్పీకరు ఉన్నారు గాని ఆయన అధ్యక్షత వహించుటకు సభ లేదు! రాజ్యసభనైనా పిలవమని ప్రతిపక్షము అడిగినది, ప్రభుత్వము పిలవలేదు. 527 మంది సైనికులు చనిపోయారు. హైదరాబాదు నుండి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య వారిలో ఒకరు.

తరువాత జరిగినది 1962 కంటె ఒక విధముగా మేలు. యుద్ధము ముగిసిన మూడు దినములకే కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా సంఘము ఏర్పడినది. దాని నివేదిక, కొన్ని భాగములు తొలగించి, 2000 ఫిబ్రవరి 23న బాలయోగి అధ్యక్షతలోని సభ ముందుకు వచ్చినది. గూఢచారి వ్యవస్థలోని లోపములు ప్రజలకు తెలిశాయి, కొన్ని సంస్కరణలు జరిగాయి. కాని వ్యక్తులపై బాధ్యత మోపుట ఆ సంఘము పని కాదు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో, మరల ఆ చైనా సరిహద్దులోనే, సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మంది చనిపోయారు. సెప్టెంబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ లోక్‌సభలో ప్రకటన చేశారు. తమకు మాట్లాడే అవకాశము ఇవ్వలేదని కాంగ్రెసు సభ్యులు బయటకు వెళ్లారు. కరోనా కారణముగా ఆ సమావేశములలో ప్రశ్నోత్తరముల సమయము కూడ లేదు. గల్వాన్ 1962 వంటి పరాజయము కాదు. సైనిక వ్యవహారము ఇంకా నడుస్తున్నదని ప్రభుత్వము చెప్పిన కారణమును కొట్టివేయలేము. అయినను ఓడిపోతున్న 1962లో 165 మంది మాట్లాడగలిగిన సభలో, 2020లో ఆ పాటి చర్చ జరగలేదన్నది నిజము.

రోమా 13 చదివే విధానము

రోమా 13:4లో పాలకునికి పౌలు వాడిన మాట దియాకొనోస్, పరిచారకుడు. సంఘములో పరిచారకునికి వాడే మాట అదే. పరిచారకుడు అనే మాటలోనే లెక్క అప్పగించుట ఉన్నది. లూకా 16:2లో గృహనిర్వాహకుని యజమానుడు అడిగినది దానినే. ఆ పౌలే ఫిలిప్పీలో ఏమి చేశాడో అపొ. 16:37లో చూడండి. న్యాయాధిపతులు విచారణ లేకుండా కొట్టించి, మరునాడు భటుల ద్వారా రహస్యముగా వెళ్లిపొమ్మని కబురు పంపారు. పౌలు ఒప్పుకోలేదు. క్రింది ఉద్యోగి కాదు, ఆజ్ఞ ఇచ్చినవారే స్వయముగా రావాలి అన్నాడు. వారు వచ్చారు. రోమా 13 వ్రాసిన చేయి ఇదే గనుక, లోబడుటకును లెక్క అడుగుటకును ఆయన మనస్సులో పొత్తు కుదిరినదని చెప్పవచ్చును.

ఇంకొక సంగతి వేదాంత విద్యార్థులు ఆలోచించదగినది. రాజుల గ్రంథము ఇప్పుడున్న రూపములో ఒక పరాజయము తరువాతి విచారణ నివేదిక వంటిది. యెరూషలేము ఎందుకు పడినది? బబులోను చెరలో ఉన్న జనము ముందు మనష్షే, యెహోయాకీము, సిద్కియా పేరుపేరున నిలబడ్డారు. సైనికులను నిందించి రాజులను తప్పించలేదు. యోషీయా వంటి మంచి రాజు అనవసరముగా మెగిద్దోకు పోయి చనిపోయిన సంగతిని (2 రాజులు 23:29) కూడ దాచలేదు. ఆ నివేదికను ఓడిపోయిన ప్రజలే పదిలపరచుకొని, సమాజములో బిగ్గరగా చదివారు.

మనము మాట్లాడకపోవుటకు అసలు కారణము వాక్యము కాదనుకొంటాను. సంఖ్యలో తక్కువైన మనలను దేశభక్తి లేనివారంటారేమో అనే భయము. ఆ భయము ఆధారము లేనిది కాదు. పల్లెలలో సేవచేసేవారికి అది బాగా తెలుసు. అందువలన జాగ్రత్తలు అవసరము. ప్రసంగపీఠము నుండి పుకారు మాట్లాడకూడదు, పార్టీ పేరు ఎత్తకూడదు. సైనికుని ధైర్యమును, పాలకుని నిర్ణయమును ఎన్నడూ ఒకే వాక్యములో కలపకూడదు. రెజాంగ్ లా వారిని గౌరవించుటకు 1961 నవంబరు 2 నాటి నిర్ణయమును సమర్థించనక్కరలేదు. 1963 ఆగస్టులో ఆ 62 మంది చేసినది అదే.

డిసెంబరు 7 సాయుధ దళముల పతాక దినము. దానిని జరుపుకొనే సంఘములలో సాధారణముగా యెహోషువ మొదటి అధ్యాయము చదువుతారు. దానితోపాటు 2 సమూయేలు 11:14-25, ఆ తరువాత 12:1-9 చదివి, 17వ వచనములోని పేరులేని సైనికుల దగ్గర కొంచెము ఆగవచ్చును. మాజీ సైనికులు, సైన్యములో కుమారులున్న తల్లులు కూర్చున్న సంఘములో ఆ వచనమునకు వేరే వ్యాఖ్యానము అంతగా అవసరముండదు.